రెండు దేనారములు, ఆపై ఖర్చు

వాక్యభాగములు: లూకా 10:30–35, మార్కు 5:25–34, 1 రాజులు 19:1–8



మంచి సమరయుని కథను మనము చిన్ననాటనుండి వినుచున్నాము. క్రిస్మసు కార్యక్రమములో ఆదివారపు బడి పిల్లలు దీనిని నాటకముగా ఆడుట మీరందరు చూచినదే. దొంగలు కొట్టుట ఆడుదురు. యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోవుట ఆడుదురు. గాడిద మీద ఎక్కించుట మరి బాగుగా ఆడుదురు, ఇద్దరు పిల్లలు కలిసి గాడిద యగుదురు గనుక. పూటకూళ్లవానికి డబ్బిచ్చు ఘట్టము వచ్చుసరికి తెర పడిపోవును. ఇన్ని సంవత్సరములలో ఆ లెక్క అప్పగించుటను ఎవరును ఆడగా మేము చూడలేదు.

లూకా మాత్రము ఆ లెక్కను విడువక వ్రాసియున్నాడు. ఆయన వైద్యుడు. రోగి ఇంటివారు గడపవద్ద నిలుచుండి కొంగుముడి ఎట్లు విప్పుదురో ఆయనకు తెలిసియుండును. సమరయుడు రెండు దేనారములిచ్చెను. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట యజమానుడు ఒప్పుకొనిన దినకూలి ఒక దేనారము. కాబట్టి రెండు దేనారములనగా రెండు దినముల కూలి. అంతటితో ఆగక, ఇంకను ఖర్చయినయెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని కూడ చెప్పెను. ఈ రెండవ మాటను గూర్చియే ఈ నెల మీకు వ్రాయవలెనని యున్నది.

మా పరిచర్య గద్వాల ప్రక్క పల్లెలలో జరుగుచున్నది. ఒక్కొక్కప్పుడు బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తికిని, అచ్చటనుండి నాగర్‌కర్నూలు వైపునకును కూటములకు పోవుచుందుము. ఈ పల్లెలలో ఒకదానిలో మన సహోదరి యొకతె కలదు. ఊరి పేరు వ్రాయము. భర్త పట్టణములో కట్టడపు పనికి పోవును. ఆమె తల్లియింట నుండి విత్తనపత్తి చేలలో కూలి చేసికొనును. రెండవ కాన్పు తరువాత ఆమెకు నిద్ర పోయెను, ఆకలి పోయెను, బిడ్డను ఎత్తుకొనుటకు కూడ మనస్సు లేకపోయెను. తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, బిడ్డకు నిద్ర పడ్తలేదు, ఎవరితోని మాట్లాడ్తలేదు" అని చెప్పెను. మేము ప్రార్థించితిమి. ఉపవాసముండుమని సలహా ఇచ్చితిమి. ప్రార్థించుట మంచిదే. పాలిచ్చు తల్లిని, అప్పటికే తినని దానిని, ఉపవాసముండుమనుట మా తెలివితక్కువ.

డిగ్రీ చదువుచున్న ఆమె తమ్ముడు పట్టణములోనున్న మానసిక వైద్యుని ఫోనులో కనుగొని, వీడియో ద్వారా చూపించెను. ఇంటిలో సిగ్నలు అందదు గనుక చెరువుకట్ట మీదికి పోయి మాట్లాడిరి. వైద్యుడు మర్యాదగా విని, మందులు వ్రాసి పంపెను. ఒక్కసారి చూచుటకు 800 రూపాయలు. ఆమె దినకూలి 400. లెక్క కట్టుకొనుడి, సరిగా రెండు దేనారములు. మందులకు నెలకు మరి 1,100. మొదటి నెల మేకను అమ్మిరి. రెండవ నెల చెవికమ్మలు కుదువబెట్టిరి. మూడవ నెల విత్తనపత్తి ఆర్గనైజరు వద్ద అడ్వాన్సు తీసికొనిరి. ఇరుగుపొరుగువారితో మాత్రము కడుపునొప్పి మందులని చెప్పిరి.

ఆ మూడు నెలలలో ఆమె తేరుకొనెను. అన్నము తినెను, బిడ్డను ఒడిలో పెట్టుకొనెను, ఒక ఆదివారము స్త్రీల వరుసలో కూర్చుండి పాడెను కూడ. దేవుడు స్వస్థపరచెనని మేము ప్రసంగపీఠము మీదనుండి కృతజ్ఞత చెల్లించితిమి. నాలుగవ నెల డబ్బు లేదు. బాగైపోయినది గదా యని మందులు ఒక్కసారిగా మానిపించిరి. రెండు వారములలో నిద్ర మరల పోయెను. ఒక తెల్లవారుజామున ఆమె చెరువుకట్ట మీద ఒంటరిగా కూర్చుండియుండగా మేకలకాపరి చూచి, అనుమానించి, ఇంటికి తోడుకొని వచ్చెను. వైద్యునితో మాట్లాడుటకు పోయిన కట్టయే అది.

ఆ దినమున గాని మేము ఖర్చు మాట అడుగలేదు. మూడు నెలలు ఆ ఇంటికి పోయి వచ్చుచు, ఎంతైనది, ఎక్కడనుండి తెచ్చితిరి అని ఒక్కసారియైనను అడుగలేదు. ఆ సంవత్సరమే సంఘపెద్ద ఒకరికి కాలు విరిగినప్పుడు ఒక్క ఆదివారములో 14,600 రూపాయలు కానుక పట్టితిమి. విరిగిన కాలు అందరికి కనబడును, కట్టు తెల్లగా ఉండును. ఈమె పేరు మాత్రము ప్రార్థన పట్టికలో "అనారోగ్యము" అని యుండెను, అంతే. సెమినరీలో మేము రోగులను దర్శించుట గూర్చి ఒక సంవత్సరమంతయు చదివితిమి. ఏ వాక్యము చదువవలెనో, ఎంతసేపు కూర్చుండవలెనో నేర్పిరి. మందుల చీటీ వెల అడుగుమని నేర్పినట్లు జ్ఞాపకము లేదు. నేర్పినను మేము వినియుండము.

వారెందుకు దాచిరని కోపపడకుడి. మన నోళ్లే దానికి కారణము. ఎవరైన కొంచెము తడబడి మాట్లాడినయెడల "వీనిని ఎర్రగడ్డకు పంపవలె" అని నవ్వుదుము. హైదరాబాదు ఎర్రగడ్డలోనిది ప్రభుత్వ మానసిక వైద్యశాల, వేలమంది తేరుకొని ఇంటికి పోయిన స్థలము. దానిని తిట్టుగా చేసికొంటిమి. ఆ ఇంటిలో పెండ్లి కావలసిన చెల్లెలు కూడ కలదు. తల్లి నోరు మూసికొని కమ్మలు కుదువబెట్టెను.

మార్కు 5వ అధ్యాయములోని స్త్రీని చూడుడి. పండ్రెండేండ్ల రోగము. అనేక వైద్యుల యొద్దకు పోయి, ఉన్నదంతయు ఖర్చుపెట్టుకొని, ఇంకను క్షీణించెను. ఆమెదియు పదిమందిలో చెప్పుకొనరాని రోగమే. అందుచేత వెనుకనుండి వచ్చెను. రోగము ఒక భారము, వట్టిచేతులు రెండవ భారము, దాచుకొనుట మూడవది. ప్రభువు ఆమెను జనసమూహము ఎదుట నిలిపి కుమారీ యని పిలిచెను. ఇందునుబట్టి రోగుల పేర్లు సంఘములో చదువుమని మేము చెప్పుట లేదు. అట్లు పిలుచుట ప్రభువునకు చెల్లును, మనకు చెల్లదు.

ఇక ఏలీయా. కర్మెలు మీద అగ్ని దింపిన ప్రవక్త, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరెను. దేవదూత ఆయనను గద్దింపలేదు, విశ్వాసము ఏమాయెనని అడుగలేదు. రొట్టెయు నీళ్లును పెట్టి నిద్రపోనిచ్చెను. తరువాత రెండవమారు వచ్చి మరల లేపి పెట్టెను. ఆ రెండవ రాకను మేము ఇదివరకు గమనింపలేదు. ఒక్కమారుతో సరిపోదని దేవదూతకు తెలియును. సమరయునికి తెలియును. మనస్సు రోగమునకు మందు నెల నెలకు కావలెను, కొందరికి సంవత్సరములు కావలెను. మనము కానుక పట్టునది మాత్రము ఒక్క ఆదివారము.

మందులు వాడుట అవిశ్వాసమని చెప్పువారు మనలో ఇంకను ఉన్నారు. వారిలో ఒకరి జేబులోనే చక్కెర వ్యాధి మాత్రల పట్టీ మేము చూచితిమి. పౌలు తిమోతికి కడుపు జబ్బు నిమిత్తము వైద్యపు సలహాయే వ్రాసెను. ఈ జిల్లాలకు సువార్త తెచ్చినవారు మందుల పెట్టె లేకుండ రాలేదు. జడ్చర్లలో మిషను ఆసుపత్రి కట్టించిరి. జ్వరమునకు మందు మ్రింగి మన తాతలు విశ్వాసము పోగొట్టుకొనలేదు. మెదడు కూడ దేవుడు చేసిన అవయవమే గదా.

ఇప్పుడు డబ్బు సంగతి. మన పల్లెలలో బీమా పాలసీ గలవారు అరుదు. ఉన్నవారికిని చాలమట్టుకు ఆసుపత్రిలో పండుకొనినప్పుడే డబ్బు వచ్చును గాని, నెలకొకమారు చూపించుకొనుటకు రాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. దాని 21వ సెక్షను ప్రకారము శరీర రోగమునకు బీమా ఎట్లో మనస్సు రోగమునకును అట్లే ఇయ్యవలెను. కూలివానికి పాలసీయే లేనప్పుడు ఆ సెక్షను ఏమి చేయును? 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదట ప్రారంభించిన మూడు జిల్లాలలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము దాని పరిమితిని 10 లక్షలకు పెంచినది. ఎందరో దానివలన గుండె ఆపరేషనులు చేయించుకొనిరి. అయినను చెరువుకట్ట మీద ఫోనులో చూపించుకొను వైద్యునికి ఆ కార్డు చెల్లదు. అది కొంగుముడినుండియే పోవలెను.

ఆ వైద్యుని మేము నిందింపము. పనివాడు జీతమునకు పాత్రుడు, పూటకూళ్లవాడును ఊరక ఉంచుకొనలేదు. అతడు ఫోనులో చూడకున్నయెడల గద్వాలనుండి హైదరాబాదునకు దాదాపు 190 కిలోమీటర్లు పోవలసియుండును. రెండు చార్జీలు, తోడు మనిషి, పోయిన కూలి అన్నియు కలిసి 800 కంటె ఎక్కువగును. 2020 మార్చి 25న ప్రభుత్వము ఫోను వైద్యమునకు నియమములు వెలువరించినది. వాటి ప్రకారము వైద్యుడు చీటీ మీద తన రిజిస్ట్రేషను సంఖ్య వేయవలెను. అది లేని చీటీని నమ్మకుడి.

కాని డబ్బు కట్టకముందు ఉచితముగా దొరుకునది తెలిసికొనుడి. మాకే ఆలస్యముగా తెలిసినది గనుక సిగ్గుతో వ్రాయుచున్నాము. 14416 అను సంఖ్యకు రాత్రియైనను పగలైనను ఫోను చేయవచ్చును. దీనిని టెలి-మానస్ అందురు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించినది. తెలుగులో మాట్లాడుదురు, పైసా తీసికొనరు. చావు తలంపు వచ్చినవారిని ఒంటరిగా విడువక, ప్రక్కన కూర్చుండి ఆ సంఖ్యకు మీరే ఫోను కలిపి ఇయ్యుడి. పైన చెప్పిన చట్టముయొక్క 18వ సెక్షనులో, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి కార్డు లేకున్నను ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో ఉచితముగా చికిత్స చేయవలెనని యున్నది. వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. వాటి ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏ దినములలో చూచునో వెళ్లి అడుగుడి. అలంపూరు, గద్వాల వైపువారికి కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర.

ప్రైవేటు వైద్యునికే చూపించుకొనుచున్నయెడల, ఇంతకు మించి పెట్టుకొనలేమని ఆయనతో ఉన్నదున్నట్లు చెప్పుడి. చౌకైన జెనెరిక్ మందు వ్రాయవచ్చునేమో, చూచు గడువు పెంచవచ్చునేమో ఆయన చెప్పును. జన్ ఔషధి దుకాణములో అదే మందు తక్కువకు దొరకవచ్చును. డబ్బు అయిపోయినను మందు మాత్రము మీ అంతట మీరు ఆపకుడి. ఆపుటకును ఒక వరుస కలదు, అది వైద్యుడు చెప్పవలసినది. మన సహోదరి ఇంటివారికి ఇది ఎవరును చెప్పలేదు. చెప్పవలసినవారిలో మేము కూడ ఉంటిమి.

2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు జరిపిన జాతీయ సర్వేలో, పెద్దవారిలో నూటికి సుమారు పదిమందికి ఏదో యొక మానసిక రోగమున్నట్లు తేలినది. మన గుడిలో ఆదివారము ఎనుబదిమంది పెద్దలు కూర్చుందురు. సంఖ్య మీకే తెలియును.

పెద్దలతో మాట్లాడినప్పుడు ఒకరు అడ్డు చెప్పిరి. "కాలు విరిగిన వానికి ఇచ్చితిమి, అది ఒకనాటితో తీరినది. దీనికి అంతు ఎక్కడ?" అనిరి. న్యాయమైన ప్రశ్నయే, మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. స్త్రీల సమాజపు కోశాధికారిణి మాత్రము, "సమరయుడు అంతు అడిగెనా అయ్యగారూ?" అని ఊరకుండెను. చివరకు ఒక సంవత్సరమునకు ఒప్పుకొనిరి. మొదటి ఆదివారపు కానుకలో పదవవంతు ప్రక్కన పెట్టబడును. లెక్క ఇద్దరే చూతురు. పుస్తకములో రోగి పేరు గాని ఊరు గాని ఉండదు, "పూటకూళ్లవానికి" అని మాత్రము వ్రాయబడును. కావలసినవారు మా ఇంటికి చీకటిపడిన తరువాత వచ్చినను సరే, చీటీ చూపినచో చాలును, కథ చెప్పనక్కరలేదు. ఇంతవరకు ముగ్గురు వచ్చిరి. ఇద్దరిని మేము ఊహించలేదు.

చెవికమ్మలు ఇంకను విడిపింపలేదు. వడ్డీ పెరుగుచున్నది, దాని సంగతి వచ్చే నెల సమావేశములో మాట్లాడవలెను. సహోదరి మరల మందులు వాడుచున్నది. ఇప్పుడు వైద్యునితో మాట్లాడుటకు ఆమె చెరువుకట్ట మీదికి పోదు. పాస్టరు ఇంటి మిద్దె మీద సిగ్నలు బాగుగా అందును. ఆమె పైన మాట్లాడుచుండగా తల్లి మెట్ల మీద కూర్చుండును, మా ఇంటివారు క్రింద బిడ్డను ఆడించుచుందురు. పోయిన గురువారము ఇరువది నిమిషములు మాట్లాడెను. క్రిందికి దిగివచ్చి, ఆకలియగుచున్నది, ఏమైన పెట్టుడని తానే అడిగెను.