కెచికాన్ రేవులో వాన రోజు

అలాస్కా ఆగ్నేయ తీరంలోని కెచికాన్ పట్టణంలో ఏటా 3,500 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది కనుక, అక్కడ ఆగే విహారనౌకల ప్రయాణికుల్లో కొందరు ఓడ దిగడానికి మనసొప్పక లోపలే ఉండిపోతారు. రేవులో ఉన్నంతసేపు క్యాసినో, సుంకం లేని సరుకుల దుకాణాలు సాధారణంగా మూసే ఉంటాయి. ఆ సందడి లేని వేళ, ఓడను గట్టుకు కట్టిన లావుపాటి మోకులను ఆటుపోట్లకు తగినట్లు సిబ్బంది సర్దుతుండడం పై అంతస్తు నుంచి తీరిగ్గా చూడవచ్చు. ఇక వాన సంగతికి వస్తే, పసిఫిక్ మీది తేమగాలి కొండలకు తగిలి, పైకి లేచి చల్లబడడం వల్ల కురిసే ఇటువంటి వానను పర్వతీయ వర్షపాతం అంటారు. అమెరికాలోకెల్లా పెద్ద జాతీయ అరణ్యమైన టాంగాస్‌ను పెంచేదీ, సాల్మన్ చేపలు ఎదురీదే వాగులను నింపేదీ ఈ వానే. దానిని తిట్టుకుంటూ గదిలో తెర దించుకోవడం అన్యాయం. నౌకలో ఉండిపోయినవారు ఒక గంటసేపైనా ఆ కొండలవైపు చూడాలి.