మూసిన తలుపు

నల్లమల చెంతనున్న రుద్రవరమున ఒక యింటి కోడలు, దూరనగరమందలి మనోవైద్యశాలకు సిబ్బంది వ్యవహారములు చూచు నుద్యోగమును ఇంటనుండియే చేయుచున్నదనుకొందము. కంప్యూటరు ముందు కూర్చుండగనే ఆమె గది తలుపు మూయును. "మన యింట మనకు దాపరికమేల?" అని అత్తగారు నొచ్చుకొందురు. ఆ నొప్పి సహజమే. కాని లోపల, రోగుల గోడు విని విని నిద్రకు దూరమైన నర్సొకతె తన బాధను మొదటిసారి ఆ కోడలితో చెప్పుకొనుచున్నది. ఆ మాట వీధి యరుగు చేరెనా, ఆమె మరల నోరు విప్పదు.

రోగి రహస్యమును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కాపాడుచున్నది. దుఃఖితు లెవరైనను 2022లో ఆరంభమైన టెలిమానస్ సేవకు, 14416 సంఖ్యపై, ఫోను చేయవచ్చును. రోగిని కాచువారి గోడు వినుటకును ఒకరుండవలదా?

అయిన నొక సందేహము. కోడలికి జీతమిచ్చునది వైద్యశాల. విన్నదెల్ల యజమానులకు చేరవేయుటకే వినుచున్నచో, ఆ తలుపు వంచనకు తెర యగును. కావున దేనిని పైవారికి చెప్పక తప్పదో, వినుటకు ముందే తెలుపుట ఆమెకు ధర్మము.

అత్త ఆ తలుపును గౌరవింపవలెను. కోడలు ఆ గౌరవమున కర్హురాలు కావలెను.