కేటలాగులో తుపాకీ

సంచిక ప్రెస్సుకు వెళ్లే రోజు దగ్గరపడిందని సంపాదకురాలు మళ్లీ మెసేజ్ పెట్టారు. విషయం ఏటా ఉండేదే: ప్రవాసంలో మన విలువలు. బతుకమ్మ పూల గురించో, పిల్లల తెలుగు క్లాసు గురించో నాలుగు మంచి మాటలు రాసి పంపేద్దామని శనివారం రాత్రి వంటింటి బల్ల ముందు కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మావాడు ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి, పాలడబ్బా వెతుక్కుంటూ ఒక మాటన్నాడు.

"అమ్మా, ఒకప్పుడు సియర్స్‌కి డబ్బు పంపితే రైఫిల్ ఇంటికే వచ్చేదట. అప్పుడు స్కూళ్లలో ఈ లాక్‌డౌన్ డ్రిల్లులు లేవు. మరి తప్పు తుపాకీది ఎట్లా అవుతుంది?"

వీధి చివరింటి పెద్దాయన గరాజ్ సేల్‌లో వాడికొక పాత సియర్స్ కేటలాగు ఊరికే ఇచ్చాడు. వారం నుంచీ వాడు దాన్ని వదలడం లేదు. నేనూ తిరగేశాను. చిన్నపిల్లల కోట్లు, కుట్టు మిషన్లు, చేపల గాలాలు, వాటి పక్కనే వరసగా షాట్‌గన్లు. బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ పేరు పెట్టి అమ్మేవారు కొన్నిటిని. ఆ పెద్దాయనకు పదమూడో పుట్టినరోజుకి వాళ్ల నాన్న అలాంటిదే ఒకటి తెప్పించాడట. బడి అయిపోగానే స్నేహితులతో కుందేళ్ల వేటకు పోయేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లు మెరిశాయని మావాడు అన్నాడు. మెరిసే ఉంటాయి. మనిషి మంచివాడు, మనం దసరాకి పంపిన పులిహోర డబ్బా కడిగి తిరిగిచ్చే రకం.

ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఎందుకంటే ఇదే పాట నేను హైదరాబాదు పాతబస్తీలో వింటూ పెరిగాను.

మా అమ్మమ్మ వాళ్లది లాల్ దర్వాజా. మా తాత ఒక చిన్న జాగీర్దారు దేవిడీలో గుమాస్తా. ఆ దేవిడీలో ఇంగ్లీషు చదవగలిగింది ఆయనొక్కడే కాబట్టి, బొంబాయి నుంచి కేటలాగులొస్తే పెద్ద దివాన్‌ఖానాలో నవాబు గారు దిండుకానుకుని కూర్చుంటే ఈయన పక్కన నిలబడి పేజీ తర్వాత పేజీ చదివి వినిపించేవాడు. అందులో అన్నిటికన్నా లావుపాటిది ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ వాళ్లది. 1871లో లండన్‌లో సైనికాధికారుల కోసం పెట్టిన సహకార దుకాణం, 1891లో బొంబాయిలో శాఖ తెరిచింది. కాలా ఘోడా దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉంది, బట్టలు కొనడానికి మనవాళ్లు వెళ్తూనే ఉంటారు. డేరాలు, డబ్బాల్లో బిస్కెట్లు, గుర్రపు జీన్లు, పోలో కర్రలు, తుపాకులు, తూటాలు, అన్నీ ఒకే పుస్తకంలో. నవాబు గారు వేలు పెట్టి చూపించిన బొమ్మ పక్కన తాత పెన్సిలుతో గీటు పెట్టేవాడు. తర్వాత ఉత్తరం రాసేవాడు. నెలలకి చెక్కపెట్టె నాంపల్లి స్టేషన్లో దిగేది.

మన ఊళ్లోనూ పెద్ద దుకాణం లేకపోలేదు. ఆబిడ్స్‌కి ఆ పేరు ఎట్లా వచ్చింది? ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో సేవకుడు, అక్కడ విదేశీ సరుకుల దుకాణం పెట్టాడు. తొడిగిన బట్ట మళ్లీ తొడగని ప్రభువు దగ్గర ఉండి వ్యాపారం నేర్చుకున్నవాడికి లాభానికి లోటేమిటి! ప్రభువు వదిలేసిన వస్తువునే మళ్లీ ఆయనకే అమ్మేవాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమెంతో గానీ పురానీ హవేలీలో ఆ బట్టల బీరువాల పొడుగు చూసినవాళ్లెవరూ కాదనరు. ఆ మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటలో పేరుమోసినవాడు. రాజా దీన్ దయాళ్ తీసిన ఆ వేట ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. 1893లో ఆస్ట్రియా రాజకుమారుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కూడా హైదరాబాదు వచ్చి ఇక్కడ వేటాడి వెళ్లాడు. ఇరవయ్యొక్కేళ్ల తర్వాత సారయేవోలో ఆయన మీద పేలిన పిస్తోలు నుంచే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇది పక్కదారి, తెలుసు. కానీ వేట ఫొటో చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

తాత చెప్పే ఈ కథల్లో తుపాకీ ఎప్పుడూ అందమైన వస్తువే. వాల్‌నట్ చెక్క మడమ, వెండి చెక్కుడు, నూనె వాసన. బార్కస్ అరబ్బుల పెళ్లిళ్లలో మర్ఫా మోగుతుంటే గాల్లోకి పేల్చడం, ఖాళీ తూటాల కోసం పిల్లలు పరుగెత్తడం. ఎవరికైనా తగిలిందా అని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. కేటలాగు చూసి ఆర్డరు పెట్టగలిగినవాళ్లు ఎందరు అని కూడా అడగలేదు. కృష్ణకు అవతల, బ్రిటిషు వాళ్ల ఏలుబడిలో, 1878 ఆయుధాల చట్టం కింద మనవాడికి లైసెన్సు కావాలి, తెల్లదొరకి అక్కర్లేదు. ఇవతల దొరగడీలో గోడ నిండా తుపాకులుండేవి, గడికి వెట్టి చేసేవాడి చేతిలో వడిసెల కూడా నేరమే. తెలంగాణ సాయుధ పోరాటం మొదలయ్యాక పల్లెల్లో దొరికిన బర్మార్ తుపాకులకు ఎంత విలువ వచ్చిందో మా నాయిన వైపు వాళ్లు చెప్పేవారు. ఇక 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు పాకిస్తాన్ నుంచి నిజాం కోసం విమానాల్లో ఆయుధాలు దొంగచాటుగా దించిపోయాడు. అదీ ఒక రకం హోమ్ డెలివరీయే. సెప్టెంబరులో పోలీసు చర్యతో అయిదు రోజుల్లో అంతా ముగిసిపోయింది.

మరుసటేడు జాగీర్లు రద్దయ్యాయి. జీతం బాకీ పడ్డ నవాబు గారు, చేతిలో నగదు లేక, తాతకు ఒక దోనాలీ బందూకు ఇచ్చి పంపారు. అలా మా అమ్మమ్మ ఇంటికి తుపాకీ వచ్చింది. లైసెన్సు పుస్తకం, అందులో కొన్న తూటాల లెక్క, ఎలక్షన్లొస్తే పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం, తాతకు ఇదంతా ఒక దర్జా. బందూకు భుజాన వేసుకుని లాల్ దర్వాజా గల్లీలో నడిచి వెళ్తుంటే కూరగాయల బండివాడు కూడా సలాం కొట్టేవాడట.

తుపాకీ మోజు ఆ ఇంటి మగపిల్లలకు అట్లా అంటుకుంది. నా చిన్నప్పుడు వారపత్రికల వెనక పేజీల్లో వీపీపీ ప్రకటనలు వచ్చేవి, మీలో నా ఈడువాళ్లకు గుర్తుండాలి. "అమెరికన్ మోడల్ రివాల్వర్, లైసెన్సు అక్కర్లేదు, దొంగల నుంచి, అడవి మృగాల నుంచి రక్షణకు, నాటకాలకు." లాల్ దర్వాజాలో అడవి మృగాలెక్కడివి! మా అన్న కార్డు రాసి పడేశాడు. పోస్టుమాన్ పార్శిలు పట్టుకుని గుమ్మంలో డబ్బడిగేసరికి మా నాయిన ముఖం చూడాలి. విప్పితే రేకు బొమ్మ. బేగంబజార్లో దీపావళికి అమ్మే రీలు తుపాకీకి దీనికి తేడా రంగొక్కటే. ఈ కథ చెప్పి నవ్వుకోని పండగ మా ఇంట్లో లేదు.

మావాడి ప్రశ్నకు జవాబు దొరక్క ఆదివారం పొద్దున అమ్మకు ఫోన్ చేశాను. తాత బందూకు ముచ్చట చెప్పి, మనింట్లోనూ ఉండేది, ఏమీ కాలేదు కదా అని అడిగాను. అవతల కొంతసేపు మాట లేదు.

"గది ఇప్పుడెందుకడుగుతున్నవే?" అంది.

అమ్మమ్మ వాళ్ల మధ్యగది కప్పులో ఒక గుంట ఉండేది. కందిలి వేలాడదీసే కొక్కెం ఊడితే పడ్డ గుంట అని మాకు చెప్పారు. "కొక్కెం లేదు, గిక్కెం లేదు బిడ్డా. మీ చిన్నమామకు అప్పుడు పన్నెండేండ్లు. తాత నిద్రవోయిండు. సందుగుల నుంచి తీసి నాకు సూపిస్త అని తెచ్చిండు. నేను గీడ కూసున్న. ఎట్ల పేలిందో, ఎందుకు పైకి పేలిందో ఆ తల్లికే ఎరుక." ఎవరికీ చెప్పొద్దని తాత అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడట. లైసెన్సు పోతుందని. ఆ గది నిండా పొగ, సున్నం రాలి తలంతా తెల్లబడి తను కూర్చున్న తీరు అమ్మ నిన్న జరిగినట్టు చెప్పింది. బందూకు జానెడు కిందికి ఉండి ఉంటే అమ్మ లేదు, నేను లేను, ఈ వ్యాసమూ లేదు. కానీ నవాబు గారి కేటలాగు కథ మాత్రం అప్పుడూ ఉండేది. ఎవరో ఒకరు చెప్పుకునేవారు.

పెద్దాయన సియర్స్ ముచ్చట్లలోనూ ఇలాంటి గుంటలుంటాయి. ఇండియా నుంచి ఎవరొచ్చినా డాలస్ డౌన్‌టౌన్ తీసుకెళ్లి ఆ ఆరో అంతస్తు కిటికీ చూపిస్తాం కదా. ఆ కిటికీలోంచి కెనెడీని కాల్చిన రైఫిల్ పోస్టులో వచ్చిందే. 1963 మార్చిలో హంతకుడు ఆస్వాల్డ్ పత్రికలో కూపన్ కత్తిరించి, దొంగపేరుతో షికాగోలోని క్లైన్స్ అనే దుకాణానికి 21 డాలర్ల 45 సెంట్ల మనియార్డరు పంపాడు. సరుకు డాలస్ పోస్టాఫీసు పెట్టెకి వచ్చింది. చేత్తో దాచగలిగే పిస్తోళ్లను పోస్టులో పంపకూడదని 1927లోనే చట్టం చేశారు. ప్రైవేటు పార్శిలు కంపెనీలకు అది వర్తించలేదు, ఆస్వాల్డ్ రివాల్వర్ ఆ దారిన వచ్చింది.

ఇక మా అమ్మాయి చదివే ఆస్టిన్ యూనివర్సిటీ. ఆ టవర్ ముందు గ్రాడ్యుయేషన్ ఫొటోలు మనందరి ఫేస్‌బుక్కుల్లోనూ ఉన్నాయి. 1966 ఆగస్టు 1 పొద్దున్నే చార్ల్స్ విట్‌మన్ సియర్స్‌కి వెళ్లి అప్పు ఖాతా మీద షాట్‌గన్ కొన్నాడు. మధ్యాహ్నానికి ఆ టవరెక్కి కాల్పులు మొదలుపెట్టాడు. పదిమందికి పైగా పోయారు, ముప్ఫైమందికి పైగా గాయపడ్డారు. "అప్పుడు స్కూళ్లలో ఈ లాక్‌డౌన్ డ్రిల్లులు లేవు" అన్న మావాడికి ఇది చెప్తే వాడు ఫోన్ తీసి వెతుక్కున్నాడు. వెతుక్కోవడమే నాకు కావలసింది. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ కూడా పోయాక, 1968 అక్టోబరులో అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో పోస్టులో తుపాకుల అమ్మకం ఆగింది. సరిగ్గా ఆ ఏడాదే మన సాలార్‌జంగ్ మ్యూజియం దివాన్ దేవిడీ నుంచి మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. అక్కడి తుపాకులు అద్దాల వెనక, బొమ్మ సైనికులకు కొద్ది గదుల దూరంలో ఉన్నాయి. నన్నడిగితే తుపాకీకి అంతకన్నా మంచి చోటు లేదు.

రెండు వైపులా చూసి రాయాలి కాబట్టి రెండోవైపూ చెప్తాను. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో, ఓలేతా బార్‌లో మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపాక చాలా ఇళ్లలో మాటలు మారాయి. బంగారం కోసం మన ఇళ్లు వెతికి మరీ దోచేవాళ్లున్నారు. భర్త టూర్లలో ఉండి, ఒక్కతే పిల్లలతో రాత్రులు గడిపే ఆడవాళ్లున్నారు. వారాంతం రేంజికి వెళ్లి నేర్చుకుని, తుపాకీ కొని, సేఫ్‌లో పెట్టుకున్న దంపతులు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్ల భయం ఉత్తది కాదు. 2023 మే నెలలో మనం కుర్తాల కిందికి జీన్స్ కొనుక్కునే అలెన్ మాల్‌లోనే కాల్పుల్లో ఎనిమిది మంది పోయారు, అందులో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ వారం మేం ఎవ్వరం నిద్రపోలేదు.

అయినా పిల్లలున్న ఇంట్లో తుపాకీ వద్దనే నా మాట. ఈ దేశంలో 2020 నుంచి పిల్లల, టీనేజీ వాళ్ల మరణాల్లో మొదటి కారణం తుపాకీయే, కార్లని దాటిపోయింది. అందులో దొంగల చేతిలో పోయినవాళ్ల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది సొంత ఇంట్లో తుపాకీ చేతికందిన పిల్లలు. మార్కులు తగ్గాయనో, ప్రేమ బెడిసిందనో, కాలేజీ సీటు రాలేదనో ఒక రాత్రి గదిలో తలుపేసుకునే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. మనం పైకి చెప్పుకోం, అంతే. అలాంటి రాత్రి సేఫ్ ఎవరి వైపు ఉంటుంది? ఒక ఇంటివాళ్లను నేనడిగాను. సేఫ్ కోడు మా ఆయనొక్కడికే తెలుసని ఆవిడ అంది. వెనకాల హోంవర్క్ చేసుకుంటున్న చిన్నవాడు తలెత్తకుండానే "నీ బర్త్‌డే కదమ్మా" అన్నాడు.

ఇండియాలో గాల్లోకి పేల్చినా నేరమని 2019లో ఆయుధాల చట్టం సవరించారు, రెండేళ్ల దాకా జైలు. ఇక్కడ టెక్సస్‌లో కూడా పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్లది నేరమే. చట్టం మనకు తెలియక కాదు. అడగడానికి మొహమాటం. జీతం అడుగుతాం, గ్రీన్‌కార్డు ఏ దశలో ఉందో అడుగుతాం, స్లీపోవర్‌కి పిలిస్తే గుడ్డు తింటారా, కుక్క ఉందా అని అడుగుతాం. మీ ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే ఎక్కడ ఉంది అని అడగం. అవతలివాళ్లు నొచ్చుకుంటారని. పన్నెండేళ్ల చిన్నమామ సందూక తెరిచింది కూడా అలాంటి మర్యాదస్థుల ఇంట్లోనే.

మన తెలుగు సంఘం యూత్ కమిటీ పిల్లల్ని రాత్రిపూట ఉంచే ఇళ్లకు ఇచ్చే ఫారంలో అలర్జీల గడి ఉంది, పెంపుడు జంతువుల గడి ఉంది. తుపాకీ గడి ఒకటి కలపాలని వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను ప్రతిపాదిస్తున్నాను. ఉన్నవాళ్లు ఉందని రాయండి, తాళం ఎవరి దగ్గర ఉంటుందో రాయండి, పిల్లల్ని పంపాలో వద్దో తల్లిదండ్రులు తేల్చుకుంటారు. ఇది మన సంస్కృతి కాదనేవాళ్లు, అవమానమనేవాళ్లు సమావేశానికి ముందే నాకు ఫోన్ చేయండి. శనివారాలు మధ్యాహ్నం దాకా మావాడి రోబోటిక్స్, ఆ తర్వాత ఎప్పుడైనా సరే.