బాజియో పేరున ప్రోనోటు

1994 జులై 17న కాలిఫోర్నియాలోని పసడీనాలో ప్రపంచకప్ ఫైనల్ ఒక్క గోల్ కూడా లేకుండా ముగిసి పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. ఇటలీ తరఫున అయిదో తన్ను రాబర్టో బాజియోది. బంతి గోల్‌పోస్టు అడ్డకర్ర మీదుగా గాల్లోకి పోయింది. ఆ క్షణపు దృశ్యంలో ఇద్దరు మనుషులున్నారు. బ్రెజిల్ గోల్‌కీపర్ టఫరెల్ మోకాళ్ల మీద వాలి రెండు చేతులూ ఆకాశానికి చాచాడు. బాజియో నడుం మీద చేతులుంచుకుని తల దించుకుని నిలబడిపోయాడు. టఫరెల్ క్రైస్తవ విశ్వాసి; కృతజ్ఞత చెప్పుకోవడానికి అతనికి పైన దేవుడున్నాడు. బాజియో బౌద్ధుడు. ఫ్లారెన్స్‌లో ఆడుతున్న రోజుల్లో జపాన్ నిచిరెన్ సంప్రదాయాన్ని స్వీకరించాడు. ‘నాకే ఎందుకిలా?’ అని నిలదీయడానికి ఆ సంప్రదాయంలో సృష్టికర్త లేడు. ఉన్నది కర్మ ఒక్కటే. కనుక ప్రశ్నను కర్మ పరిభాషలోనే అడగాలి: ఆ తన్ను బాజియోదే, సరే, ఆ ఓటమి కూడా బాజియోదేనా?

‘చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా’ అని మనవాళ్లు తేల్చేస్తారు. ప్రపంచం కూడా అలాగే తేల్చింది. ఆ తీర్పు ముందు జరిగినవేవీ నిలవలేదు. నాకౌట్ దశలో ఫైనల్‌కు ముందు ఇటలీ చేసిన ఆరు గోల్స్‌లో అయిదు బాజియోవే. నైజీరియా మీద పదిమందితో ఆడుతూ ఇంటిదారి పట్టబోతున్న జట్టును 88వ నిమిషంలో నిలబెట్టింది, అదనపు సమయంలో గెలిపించింది అతనే. ఫైనల్‌కు తొడ కండరం పట్టేసిన కాలితోనే దిగాడు. షూటౌట్‌లో అతనికంటే ముందు సహచరుల్లో బరేసీ కూడా బంతిని పైకే తన్నాడు, మస్సారో తన్నును టఫరెల్ ఆపాడు. బాజియో గోల్ కొట్టి ఉన్నా స్కోరు 3-3 అయ్యేదంతే. బ్రెజిల్‌కు ఇంకో తన్ను మిగిలే ఉంది. ఇన్ని చేతులు, ఇన్ని కాళ్లు కలిసి తెచ్చిన ఫలాన్ని తీసుకెళ్లి ఒక్కడి ఖాతాలో రాసేశారు. కర్మ సిద్ధాంతాన్ని మనం ఎంత మోటుగా వాడుతున్నామో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ నాగార్జునుడు గుర్తుకు రావాలి. కృష్ణాతీరపు శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టే ఈ ఆచార్యుడు మూలమధ్యమకకారికలో పదిహేడో ప్రకరణాన్ని కర్మకూ ఫలానికీ కేటాయించాడు. అందులో ఒక పూర్వపక్షం ఉంది: చేసిన కర్మ అప్పు లాంటిది, అది నశించకుండా రుణపత్రంలా ఉండిపోతుందని. అంటే మన ప్రోనోటు. నాగార్జునుడు దీన్ని ఒప్పుకోడు. కర్మకు తనదంటూ మారని స్వభావం ఉంటే, ఒకసారి పండిన ఫలం మళ్లీ మళ్లీ పండుతూనే ఉండాలి కదా అని అడుగుతాడు. తీరిపోయిన అప్పును మళ్లీ వసూలు చేసినట్టన్నమాట. బాజియో విషయంలో జరిగింది అక్షరాలా అదే. 1994లోనే ఇటలీ ఓడింది, బ్రెజిల్ కప్పు తీసుకెళ్లింది, ఫలం అక్కడితో పండిపోయింది. కానీ ప్రతి ప్రపంచకప్పుకూ ఆ పత్రాన్ని బయటికి తీసి అతని ముందు పరుస్తూనే ఉన్నారు. నిచిరెన్ బౌద్ధులు కొలిచే సద్ధర్మపుండరీక సూత్రాన్ని 406లో చైనా భాషలోకి తెచ్చిన కుమారజీవుడే 409లో నాగార్జునుడి కారికలనూ అనువదించాడు. బాజియో జపించే సూత్రానికీ మన శ్రీపర్వతపు తర్కానికీ మధ్య ఉన్న దారి ఊహలో వేసుకున్నది కాదు.

ఫలాన్ని కర్త ఖాతాలో రాయొద్దంటే గీత చెప్పిన మాటకే వస్తాం; దానికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. ఫలం మీద ఆశ లేకుండా పని చెయ్యమనడం నేతగాడికో రైతుకో చెల్లవచ్చు గానీ స్ట్రైకర్‌కు చెల్లుతుందా? అతని పనే ఫలం. గోల్ కొట్టని స్ట్రైకర్ ఎంత అందంగా పరుగెత్తినా ఏం లాభం? ఈ వాదంలో ఒక పొరపాటుంది. గోల్ మీద గురి వేరు, గోల్ వల్ల తానేమవుతానన్న లెక్క వేరు. గీత రెండో అధ్యాయం వదలమన్నది రెండోదాన్నే. గురి లేకపోతే అసలు కర్మే లేదు. బుద్ధుడైతే కర్మ అంటేనే చేతన, అంటే సంకల్పం, అన్నాడు. తానేమవుతానన్న లెక్కకు లొంగిన ఆటగాడికి పెనాల్టీ తప్పించుకోవడమే క్షేమం. బాజియో ఒకసారి పెనాల్టీ వదులుకున్నాడు కూడా. తన ఇష్టానికి విరుద్ధంగా ఫ్లారెన్స్ జట్టు ఫియొరెంటినా నుంచి యువెంటస్‌కు అమ్ముడుపోయాక, 1991 ఏప్రిల్‌లో అదే ఫియొరెంటినా మీద పెనాల్టీ తన్ననన్నాడు. గోల్‌కీపర్‌కు తన పద్ధతి బాగా తెలుసన్నది అతను చెప్పిన కారణం. వేరొకడు తన్నాడు, తప్పింది, యువెంటస్ ఓడింది. అందులో నిష్కామమేమీ నాకు కనిపించదు; పాత ఊరి మీద మమకారం కనిపిస్తుంది, అది మనిషికి తగినదే. కాబట్టి తప్పుకోవడం ఎలా ఉంటుందో తెలిసినవాడే పసడీనాలో తప్పుకోలేదు. నొప్పి కాలు సాకుగా చేతిలోనే ఉంది, వాడుకోలేదు. కర్మను తూచవలసింది అక్కడ, బంతి ఎగిరిన చోట కాదు.

అలా అయితే ఏ తప్పుకైనా ‘నా సంకల్పం మంచిదే’ అని తప్పించుకోవచ్చు కదా అని మరొకరు అడగవచ్చు. బాజియో తప్పించుకోలేదు. ఆ తన్ను తనను ఏళ్ల తరబడి బాధించిందని దాచకుండా చెప్పాడు. బౌద్ధుడికి అంత బాధ ఏమిటని ఆశ్చర్యపోయేవాళ్లు సమచిత్తాన్ని మొద్దుబారడంగా పొరబడుతున్నారు. బాధ్యత ఒప్పుకోవడం, బాధపడటం, ఆ బాధతోనే మళ్లీ మైదానంలోకి దిగడం — ఈ మూడూ ఒకే మనిషిలో ఉండవచ్చు. 2002లో మోకాలి లిగమెంట్ తెగితే రెండున్నర నెలల్లో తిరిగొచ్చి, వచ్చిన మ్యాచ్‌లోనే రెండు గోల్స్ చేశాడు. ప్రపంచకప్ జట్టులో చోటు మాత్రం దక్కలేదు. అయినా తన క్లబ్బు బ్రెషియా కోసం మరో రెండు సీజన్లు ఆడాడు.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసేది 1998. ఫ్రాన్స్‌లో చిలీతో మ్యాచ్‌లో ఇటలీ 1-2తో వెనకబడి ఉండగా, ఆట ముగిసేవేళ పెనాల్టీ వచ్చింది. బాజియో తన్నాడు, గోల్ అయింది, ఆట సమమైంది. పాపం కడుక్కున్నాడని ఆనాడు రాశారు, ఈనాటికీ రాస్తున్నారు. ఈ మాట ఎంత దయగా వినిపించినా నేను ఒప్పుకోలేను. 1998 గోల్ 1994 అప్పును తీర్చిందంటే ఆ అప్పు నిజమని ఒప్పుకున్నట్టే; ప్రోనోటు చింపడానికి ముందు దాని మీద సంతకం పెట్టినట్టే. పైగా అదే టోర్నీ క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్‌తో షూటౌట్ వచ్చింది. ఇటలీ తరఫున మొదట తన్నింది బాజియోనే, గోల్ కొట్టాడు. చివర్లో డి బియాజియో తన్ను అడ్డకర్రకు తగిలి ఇటలీ ఓడింది. తప్పినప్పుడూ ఓటమే, కొట్టినప్పుడూ ఓటమే. కర్త, కర్మ, ఫలం ఒకే తాడుకు కట్టినవైతే ఈ రెండు సాయంత్రాలూ ఒకేలా ముగియకూడదు.

2004 మే 16న మిలాన్‌లోని శాన్ సిరోలో బాజియో చివరి మ్యాచ్ ఆడాడు. ఇటలీ లీగ్‌లో అప్పటికి అతని గోల్స్ 205, దేశం తరఫున 27. ఆట ఇంకా ముగియకముందే అతన్ని బయటికి పిలిచారు. ఎదుటి జట్టు కెప్టెన్ మల్దీనీ వచ్చి కౌగిలించుకున్నాడు, ఎదుటి జట్టు అభిమానులతో నిండిన స్టేడియం లేచి నిలబడింది. ఆ రోజు బ్రెషియా 2-4తో ఓడింది.