తెలియక వడ్డించిన కీడు

వాక్యభాగములు: 2 రాజులు 4:38–41, ద్వితీయోపదేశకాండము 19:4–5, 1 కొరింథీయులకు 12:26



తెలిసి చేసిన పాపమును గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వినియున్నాము. తెలియక చేసిన కీడును గూర్చి అంతగా వినియుండలేదు. మేలు చేయబోయి ఒకనికి కీడు చేసినయెడల ఆ కీడు ఎవరిది? “నాకు తెలియదు గదా” అను మాటతో అది తీరిపోవునా? ఈ ప్రశ్న ఒక కోతపండుగనాడు నా యింటి వాకిటికే వచ్చినది.

మా సంఘములో పదునారేండ్ల పిల్ల ఒకతె యున్నది. చిన్ననాటినుండి ఆమెకు విరేచనములు, కడుపుబ్బరము, రక్తహీనత. దిష్టి తగిలినదని కొందరనిరి. తల్లిదండ్రుల విశ్వాసము చాలలేదని మన విశ్వాసులే కొందరనిరి. కడపట ఒక పెద్ద ఆసుపత్రిలో రక్తము పరీక్షించి, గొట్టము ద్వారా చిన్నప్రేగును చూచి, ఇది సీలియాక్ అను వ్యాధి యని తేల్చిరి. గోధుమ, బార్లీ, రై అను ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. ఈ వ్యాధిగలవారు దానిని తినినయెడల, దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే తిరుగబడి చిన్నప్రేగు లోపలి పొరను గాయపరచును. ఆహారపు సారమును పీల్చుకొను నూగువంటి సన్నని మొలకలు అణగిపోవును. దీనికి మందు లేదు. జీవితాంతము ఆ ధాన్యములను మానుటయే వైద్యము.

ఈ సంగతిని లోకమునకు తెలిపినవాడు హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికె. ఆయన ముందునుండియే గోధుమను అనుమానించుచుండెను. 1944–45 చలికాలమున యుద్ధమువలన ఆ దేశములో ఘోరమైన కరవు కలిగెను. రొట్టె దొరకని ఆ దినములలో ఈ రోగపు పిల్లలు తేరుకొనుట, రొట్టె మరల వచ్చినప్పుడు తిరిగి జబ్బుపడుట కనబడెను. 1950లో యూట్రెక్టు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథములో గోధుమయే కారణమని ఆయన చూపెను. మన దేశమును గూర్చి 2016లో ప్రచురింపబడిన ఒక పరిశోధన ప్రకారము, ఉత్తరమున పెద్దవారిలో వేయిమందికి సుమారు 12 మందికి, దక్షిణమున వేయిమందికి ఒకరికి ఈ వ్యాధి కనబడినది. మనలో అరుదు గనుకనే మనకు తెలియదు; తెలియదు గనుకనే మన చేతులమీదుగా కీడు జరుగుచున్నది.

“అన్నము తిను సీమలో ఈ జబ్బువారికి భయమేమి?” అని మీరనవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. గుంటూరు, ఒంగోలు సీమల నల్లరేగడి పల్లెలలో మన పెద్దలు జొన్నకూడు, సజ్జసంకటి, వరిగన్నము తిని బ్రతికిరి. వీటిలో దేనివలనను ఈ రోగులకు హాని లేదు. అయితే నేడు మన యిండ్లలో గోధుమరవ్వ ఉప్మా, సేమ్యా పాయసము, బిస్కెట్లు, మైదా బోండాలు ఉన్నవి. పూరీలు వేయించిన నూనెలోనే శనగపిండి బజ్జీలు వేయుదుము. గోధుమలు ఆడిన పిండిమరలోనే వెంటనే మన బియ్యము ఆడింతుము. కంటికి కనబడు గోధుమను ఆ పిల్ల విడిచిపెట్టగలదు. కంటికి కనబడని దానిని ఏమి చేయగలదు?

పత్తి తీతలు ముగిసి మిరపకాయలు కళ్లములలో ఆరుచున్న దినములలో మా సంఘము కోతపండుగ చేసికొనెను. ప్రేమవిందుకొరకు నా భార్య ఆ పిల్లకు వేరుగా, కడిగిన గిన్నెలలో, తానే వండెను. అన్నము, పప్పు, పులిహోర. పిల్ల ఆనాడు అందరితో పంక్తిలో కూర్చుండి సంతోషముగా తినెను. నడిరేయి కాకముందే వాంతులు పట్టుకొనెను. మూడు దినములు మంచము దిగలేదు. పులిహోర తాలింపులో పొడి ఇంగువ వేసిరి. అంగళ్లలో అమ్ము పొడి ఇంగువలో తరచుగా మైదా కలుపుదురు. డబ్బామీద చిన్న అక్షరములలో అది వ్రాసియేయున్నది. మేము చదువలేదు.

సంగతి తెలిసి ఆ యింటికి వెళ్లినప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట, “మేమేమన్నా కావాలని పెట్టామా అమ్మా?” ఆ పిల్ల మంచముమీదనుండి అనిన మాట, “అయ్యగారూ, నా మూలాన మీ అందరి పండగా పాడైంది. క్షమించండి.”

ఇంటికి తిరిగి వచ్చుచు దారిలో సిగ్గుపడితిని. కీడు చేసినవాడను వాదించుచుంటిని. కీడు పొందినది క్షమాపణ అడిగినది. ఇంతకంటె తలక్రిందులైన న్యాయము కలదా?

ఆ రాత్రి ఎలీషా కథ తెరచి చదివితిని. గిల్గాలులో కరవు కాలమున ప్రవక్తల శిష్యులకు వంట జరుగుచుండగా, ఒకడు పొలమునకు పోయి అడవితీగె కాయలు ఒడినిండ కోసికొని వచ్చి, వాటి గుణము తెలియక కుండలో తరిగి వేసెను. తినుచున్నవారు కుండలో చావున్నదని కేకవేసిరి. ఇక్కడ రెండు సంగతులు గమనించుడి. తినినవారు మర్యాదకై మౌనముగా మ్రింగలేదు. ఉన్నమాట పైకి చెప్పిరి. దైవజనుడు కాయలు కోసినవానిని నిందించినట్లు లేదు. వాని పేరైనను అక్కడ వ్రాయబడలేదు. వెంటనే కుండను బాగుచేయుట జరిగెను. అక్కడ పిండి వేయగా కుండ బాగుపడినది. మన పిల్లకు పిండియే కీడు. ఒకరికి మందైనది వేరొకరికి విషము కావచ్చును.

ధర్మశాస్త్రము కూడ ఈ సంగతి ఎరిగియున్నది. కట్టెలు కొట్టుచుండగా గొడ్డలి పిడి ఊడి పొరుగువానికి తగిలి అతడు చనిపోయినయెడల, కొట్టినవాడు పారిపోయి బ్రతుకుటకు ఆశ్రయపురమున్నది. అతడు హంతకుడు కాడు. అయినను ఏమియు జరుగనట్లు తన యింట కూర్చుండుటకు వీలులేదు. తెలియక చేసిన కీడు పాపమని దోషమెంచబడకపోవచ్చును. అది కీడు కాకపోదు. మన ఉద్దేశము మంచిదైనంత మాత్రమున ఆమె కడుపునొప్పి తగ్గదు. గనుక వడ్డించినవారు చేయవలసినది వాదన కాదు. “నా చేతిమీదుగా జరిగింది, ఇక ముందు చదివి చూస్తాను” అని చెప్పుటయే. మిద్దెమీదనుండి ఎవడైనను పడకుండ పిట్టగోడ కట్టుమని ద్వితీయోపదేశకాండము 22:8 చెప్పుచున్నది. డబ్బామీది అక్షరములు చదువుట, వేరు గరిటె వాడుట, ఆమె బియ్యమును ఇంటనే విసరుట మన పిట్టగోడలు. “గ్లూటెన్ లేనిది” అని వ్రాసి అమ్ము సరుకులో కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు నియమము. మైదాకు బదులు బియ్యపుపిండి కలిపిన ఇంగువయు దొరకును.

ఇప్పుడు బాధపడువారితో ఒక మాట. పొరపాటున లోపలికి పోయిన దానిని వెనుకకు తీయు మందు లేదు. వేలు పెట్టి కక్కించుకొనవద్దు, భేదిమందు తినవద్దు. బదరీవృక్షము క్రింద చావుకోరి పండుకొనిన ఏలీయాకు దూత ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చి, తినుటకును త్రాగుటకును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. మీరును అట్లే విశ్రమించుడి. ఓ.ఆర్.ఎస్. నీళ్లు కొంచెము కొంచెముగా త్రాగుడి. కడుపు నిలిచిన తరువాత గంజి, మెత్తని అన్నము పుచ్చుకొనుడి. వాంతులు ఆగకపోయినను, రక్తము పడినను, మూత్రము రాకపోయినను, కళ్లు తిరిగి పడిపోయినను ఆసుపత్రికి ఆలస్యము చేయవద్దు. ఒక్క పొరపాటువలన ఇన్నాళ్ల జాగ్రత్త వ్యర్థమైపోదు. మరల పథ్యమున నిలిచినయెడల ప్రేగు మానును. “ప్రార్థన చేసి తిను, ఏమీ కాదు” అనువారి మాట వినవద్దు. ప్రభువును శోధింపరాదని యేసుక్రీస్తే శోధకునికి ఉత్తరమిచ్చెను. పౌలు తిమోతి కడుపుజబ్బును ఎరిగి అతనికి ఉపాయము చెప్పెను గాని, విశ్వాసము తక్కువని గద్దింపలేదు.

కోపము వచ్చినయెడల ప్రభువుతో చెప్పుడి. పెట్టినవారితోను మెల్లగా చెప్పుడి. దాచిన బాధ భయమగును. భయము పంక్తికి దూరము చేయును. మా పిల్ల విషయమున అదే జరిగినది. ఆమె మూడు నెలలు ఎవరి యింటను మంచినీళ్లైనను ముట్టలేదు. ప్రభువు బల్లకును రాలేదు. మేము విరుచు రొట్టె మైదాతో చేసినది. ఆ సంగతి ఎవరమును ఆలోచింపలేదు.

సంఘపెద్దలు కూడుకొనిరి. “రొట్టె ఒక్కటే కదా, వేరుగా పెడితే ఐక్యత ఏముంది?” అని ఒక పెద్ద అడిగెను. మంచి ప్రశ్నయే. మనలను ఏకము చేయునది ఒక్క పిండి కాదు, ఒక్క ప్రభువని మేము కనుగొంటిమి. ఒకరికొకరు కనిపెట్టుకొనుడని పౌలు వ్రాసినది ఈ బల్లను గూర్చియే గదా. ఇప్పుడు ఆమె తల్లి ఇంట విసరిన బియ్యపుపిండితో రొట్టె చేసి తెచ్చును. మూతగల వేరు పళ్లెములో నుంచి, మైదా రొట్టెను ముట్టకముందే కడిగిన చేతులతో మొదట ఆమెకు ఇచ్చెదను. గిన్నెయు వేరే.

మొదటి ఆదివారమున ఆ పళ్లెము పట్టుకొని, “అమ్మా, ఆనాడు నేను వాదించాను. నన్ను క్షమించు” అంటిని. ఆమె తలవంచి చేయి చాచెను.

ఒక అవయవము శ్రమపడునప్పుడు తక్కిన అవయవములన్నియు దానితో శ్రమపడునట్లు ప్రభువు మన సంఘములకు నేర్పును గాక. ఆమేన్.