తోట ఎవరిది?



మామిడికాయ కోతకొచ్చిన రోజుల్లో ఒక ఆదివారం, పూజ ముగిశాక ఇద్దరు అన్నదమ్ములు నా గదికి వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. తండ్రి నాటిన మూడెకరాల రసాల తోట గురించి తగవు. ఆరేళ్లుగా కోర్టులో నలుగుతోంది. ఆ ఏడు ఒకరినొకరు అడ్డుకుని ఎవరూ కాయ కోయలేదు. పండ్లు రాలి, కుళ్లి, ఈగలు ముసిరాయి. "ఫాదర్ గారూ, మా తమ్ముడికి మీరైనా చెప్పండి" అన్నాడు పెద్దవాడు.

ఈ మాట సువిశేషంలో ఉన్నదే. లూకా 12వ అధ్యాయంలో, గుంపులోంచి ఒకడు తన సోదరునిచేత ఆస్తి పంచిపెట్టించమని ప్రభువును అడిగాడు. ప్రభువు తీర్పరిగా కూర్చోలేదు. పెద్ద కొట్లు కట్టించుకోవాలని కలలుగన్న ధనవంతుని కథ చెప్పాడు. ఆ రాత్రే అతడు ప్రాణం అప్పగించవలసి వచ్చింది.

నేనూ తీర్పరిని కాను. అందుకని ఒక ప్రశ్న మాత్రం అడిగాను. "మీ నాన్నగారికి ముందు ఈ తోట ఎవరిది?"

"వేరొక రైతు దగ్గర కొన్నాడు."

"ఆయనకు ముందు?"

"జమీందారీ భూమి అండీ."

అక్కడినుంచి నేను అందుకున్నాను. మన నూజివీడు జమీందారు కుటుంబంలోనూ ఇదే తగవు వచ్చింది. జమీందారీని పంచవచ్చునా, పంచకూడదా అనే వాదం సముద్రాలు దాటి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1879 ప్రాంతంలో, పంచవచ్చునని తీర్పు వచ్చింది. అంత శ్రమపడి గెలుచుకున్న ముక్కలు మాత్రం ఎంతకాలం నిలిచాయి? 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, జమీందారీలే పోయాయి. ఈనాడు ఆ వంశం పేరు ఊరివారి నోట మెదిలేది చదువు వల్ల. ధర్మ అప్పారావు గారి పేరున ఇక్కడ కళాశాల ఉంది. ఆ వంశంవారైన మేకా రంగయ్య అప్పారావు గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా పనిచేశారు. పట్టుకున్నది పోయింది, పంచినది మిగిలింది.

ఇంకా వెనక్కు వెళితే కొండపల్లి కోట కనిపిస్తుంది. ఒకసారి మన విచారణ యువకులతో ఆ కొండ ఎక్కాను. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు దానిని కట్టించారు. తర్వాత ఒడిషా గజపతులు వచ్చారు. వారినుండి కృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. ఆపైన గోల్కొండ కుతుబ్‌షాహీలు ఏలారు. 1687లో గోల్కొండ పడిపోగానే మొగలాయిల వశమైంది. ఆ తరువాత నిజాము. 1766లో ఇంగ్లీషు కంపెనీ. ప్రతి ఒక్కరూ "ఇది నాది" అన్నారు. ఈనాడు ఆ రాజమహలు గోడల మధ్య గాలి తప్ప కొలువు లేదు. కొండకింద మాత్రం బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్రను చెక్కుతూ కూర్చుని ఉన్నారు. రాజులు మారినా ఆ చేతిపని తండ్రినుండి బిడ్డకు వచ్చింది.

భూమి తనదేననీ, మనం అందులో పరదేశులం, అతిథులమనీ లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు చెబుతాడు. అలాగని ఆస్తి ఉండకూడదని శ్రీసభ బోధించదు. పునీత తోమా అక్వినాసు ఈ విషయాన్ని రెండుగా విడదీశారు. సొత్తును సంపాదించి సంరక్షించే హక్కు మనిషికి ఉంది. కాని దాన్ని అనుభవించేటప్పుడు అది అందరిదన్నట్టు ఉంచుకుని, అక్కరలో ఉన్నవారికి సంతోషంగా ఇవ్వాలి. అంటే దస్తావేజు మన పేరున ఉన్నా, పండులో ఇతరులకూ పాలుంది.

ఇదంతా విని అన్నదమ్ములు తలవంచుకున్నారు. అప్పుడు ఇంకో మాట అడిగాను. "మీ అమ్మ భాగం ఏది? మీ చెల్లెలి భాగం ఏది?" ఇద్దరూ తెల్లబోయారు. ఆరేళ్లలో ఆ ఊసే రాలేదట. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో మూడోవంతు భార్యది. మిగిలినదాంట్లో కొడుకుకూ కూతురికీ సమాన భాగం. చెరిసగం కోసం కొట్టుకుంటున్నవారికి అసలు ఆ సగమే లేదు! తల్లి మాత్రం నెలకొక ఇంట, వంతులవారీగా అన్నం తింటోంది.

ఆ కేసు ఇంకా పూర్తిగా తెగలేదు. కాని మరుసటి ఏడు కాయ కోశారు. మొదటి బుట్ట తల్లి ముందు పెట్టారు. చెల్లెలిని కబురుపెట్టి పిలిపించారు. వయసు మీదపడిన ఆ తల్లి పండు చేతిలో పట్టుకుని తినకుండా చాలాసేపు చూస్తూ కూర్చుందట.

ప్రియులారా, ఈ వారం మీ ఇంటి దస్తావేజు ఒకసారి తీసి చూడండి. అందులో మీకు ముందున్న పేర్లు చదవండి. తర్వాత రాబోయే పేర్లు తలచుకోండి. మధ్యలో ఉన్న మన పేరు దేవుడు మనకు అప్పగించిన కాపలా మాత్రమే. ఎవరితోనైనా మాట తెగి ఉంటే, ఎవరి భాగమైనా మన చేతిలో ఉండిపోయి ఉంటే, వచ్చే ఆదివారం బలిపీఠం దగ్గరకు వచ్చేలోపు వారి గడప తొక్కుదాం.

ప్రభువు మన కుటుంబాలకు సమాధానం దయచేయునుగాక. ఆమెన్.