పేరు రాసుకోవడం

శ్రీహరికోట అనగానే రాకెట్టు గుర్తొస్తుంది. 1979లో ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి పైకి లేచింది అక్కడి నుంచే. కొన్నాళ్లుగా నా ఆలోచన మాత్రం ఆ దీవి నేల మీదే తిరుగుతోంది.

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ పొడుగ్గా సాగిన ఇసుక నేల అది. రాకెట్ల కోసం కాపలా పెట్టారు. ఆ కాపలాలో అడవి కూడా బతికింది. ఎండాకాలంలోనూ పచ్చగా ఉండే మెట్ట అడవి, మన తీరంలో అరుదైపోయింది. పాల, నేరేడు, అల్లి, పేము పొదలు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడ తిరిగి చెట్టూ పిట్టా రాసుకున్నారు.

ఆ అడవిలో దేవాంగపిల్లిని వెతకాలంటే రాత్రి నడవాలి. తలకు దీపం కట్టుకుని, కొమ్మ కొమ్మా చూసుకుంటూ. వెలుగు తగిలితే ఆకుల్లో రెండు కళ్లు ఎర్రగా మెరుస్తాయి. చిన్న ప్రాణి, తోక ఉండదు. ఒక చేయి కదుపుతుంది, ఆగుతుంది, మళ్లీ ఇంకో చేయి. చూసేవాళ్లు కూడా దాని నడకకు దిగిరావాలేమో.

చెట్టును గుర్తుపట్టడమూ అంతే. ఆకు అంచు నునుపుగా ఉందా, పళ్లు పళ్లుగా ఉందా అని చూస్తున్నంతసేపు మనసు ఇంకేదీ కోరదు. తృప్తి అంటే ఇదేనా? కోరికను కాసేపు మరిచిపోవడం మాత్రమేనా?

తరతరాలుగా ఆ దీవిలో ఉన్న యానాదులకు ఏ వేరు దేనికో, ఏ పండు ఎప్పుడో కాగితం లేకుండానే తెలుసు. కాగితానికి రుతువు తెలియదు. అయినా చెప్పే ముసలివాళ్లు పోయాక మిగిలేది అదే కదా అనిపిస్తుంది.

మా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ బ్లాకు ప్రతిదానికీ కొలత ఉంది, లెక్క ఉంది. దేశదేశాలకూ వెళుతుంది. క్వారీ పడకముందు ఆ నేలలో ఏం మొలిచేవని అడిగితే, పెద్దవాళ్లు తంగేడు, బలుసు, రేగు అని చెప్పి ఆగిపోతారు. ఇంకా ఉండేవి, నోటికి రావడం లేదంటారు. ఆ మాట దగ్గర నాకు గుండె బరువెక్కుతుంది.

తవ్విపోసిన రాళ్ల గుట్టల మీద ఇప్పుడు సర్కారు తుమ్మ కమ్మేసింది. దాని సందులో ఒక జిల్లేడు. ఆకు అడుగున నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు ఆకు అంచును కొరుకుతోంది. రాసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మిగిలినవాటితో మొదలైన పట్టీ ఈ నేలదవుతుందా, మేం ఈ నేలను చేసినదానిదవుతుందా? తేలడం లేదు. ఈ వానాకాలానికి మాత్రం ఒక నోటుబుక్కు కొనాలి.